కుక్కముక్కున నలుపు తఱుగుట



నేటి నా ప్రసంగవిషయము మీలో కొందఱికి మిక్కిలి అల్పముగా దోపవచ్చును. వానలు, ధాన్యపుధరలు, చెఱువుగట్లు మున్నగు పెద్దవిషయము లుండగా, కుక్కముక్కును గూర్చి యొక వృద్ధోపాధ్యాయుడు మాటాడ వచ్చెనేమి యని మీరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, కాని చెవి మాత్ర మిటు నుంచుడు. ఏలయన, ఈ చిన్నవిషయమునందలి పొరపాటువలన మూడు పెద్దకీడులు కలుగుచున్నవి.

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున బొగ్గుబాయిల చుట్టునున్న పల్లెలలోను, కార్మికుల వాడలలోను కుక్క లేని వాకిలి అరుదు. రాత్రిపాళికి బాయికి పోవువాని యింటికి కావలి యదియే. అట్టి కుక్కకు నిన్నటిదాక బొగ్గువలె నల్లగా నుండిన ముక్కు క్రమముగా గోధుమవన్నెకు దిగి, పిదప గులాబివన్నెకు మాఱుట యొక్కొక్కప్పుడు కలదు. చూచినవారిలో ఒకరు "కుష్ఠు" అందురు. మఱియొకరు "పిచ్చి పట్టుటకు ముందుగుఱుతు" అందురు. ఇంకొకరు "ఇంటికి అరిష్టము" అందురు. అంతట దోషమేమియు లేని జంతువు ఊరినుండి వెడలగొట్టబడును. ఇది మొదటి కీడు. నిజముగా రోగమున్న కుక్కకు సకాలమున వైద్యము జరుగక పోవును, ఇది రెండవది. మనుష్యులలో తెల్లమచ్చలు గలవారినిగూడ అదే చూపుతో జూచుట మన కలవాటగును. ఇది మూడవది, అన్నిటికంటె పెద్దది. కావున ఈ నలుపు ఎట్లు పుట్టును, ఎందుచేత తఱుగును, ఎప్పుడు భయపడవలయును, ఎప్పుడు భయపడ నక్కఱలేదు అను నాలుగు విషయములను వరుసగా మనవి చేసెదను.

మొదట కుక్కముక్కుకొనను దగ్గఱగా పరికింపుడు. దానిపై వెండ్రుక లేదు. మన చర్మమునకు జిడ్డునిచ్చు గ్రంథులవంటివి అచ్చట లేవు. లోపలినుండి స్రవించు నీటిచేతను, కుక్క నాలుకతో మాటిమాటికి నాకుకొనుటచేతను అది తడిగా నుండును. పైభాగము అద్దమువలె నున్నగా నుండదు. చిన్నరాళ్లు పఱచిన వీథివలె గడులు గడులుగా, గఱుకుగా నుండును. ఈ గడుల కూర్పు, మన వ్రేలిముద్రవలె, ఒక కుక్కకున్నట్లు మఱియొక కుక్కకు ఉండదు. ఈ గఱుకుదనమును బాగుగా జ్ఞాపకముంచుకొనుడు. రోగమును రోగము కానిదానినుండి వేఱుచేయుటకు ఇంతకంటె సులభమైన గుఱుతు లేదు.

ఇక నలుపు మాట. మన తలవెండ్రుకలకు, కనుపాపకు, చర్మమునకు వన్నె నిచ్చు మెలనిన్ అను పదార్థమే కుక్కముక్కునకును నలుపు నిచ్చుచున్నది. చర్మపు పైపొర అడుగున రంగుచేయు కణములు అక్కడక్కడ గూర్చుండి యుండును. ఆహారమునందలి మాంసకృత్తులనుండి వచ్చు టైరోసిన్ అను ద్రవ్యమును ముడిసరుకుగా గొని, టైరోసినేజ్ అను ఎంజైము సాయమున అవి మెలనిన్ రేణువులను తయారుచేయును. ఆ ఎంజైము పనిచేయుటకు రవంత రాగి యవసరము. బాయిలో బొగ్గు త్రవ్వువా డొకడు, వాడుకొనువాడు మఱియొకడు అయినట్లే, ఇచ్చటను రంగుచేయు కణము తా చేసిన సరుకును తనకే యుంచుకొనదు. సన్నని చేతులు చాచి చుట్టునున్న చర్మకణములకు పంచిపెట్టును. ఆ కణములు ఆ రేణువులను తమ నడిమి బీజముపైకి చేర్చుకొనును. మన రైతు ఎండలో పొలమునకు పోవునపుడు తలకు రుమాలు చుట్టుకొన్నట్లే యనుకొనుడు. సూర్యకిరణములలోని చెఱుపుచేయు భాగమును అడ్డగించుటయే ఈ రుమాలు పని. కావున ముక్కునలుపు అలంకారము మాత్రమే కాదు, రక్షణముకూడ.

ఇంతవఱకు తెలిసికొన్నచో, నలుపు లేకపోవుటకు నాలుగు తెఱగులు మాత్రమే యుండవలెనని మీరే యూహింపగలరు. పనివారు మొదటినుండియు రాకపోవుట యొకటి. వచ్చినవారు పని మందగించుట రెండవది. పనివారు నశించుట మూడవది. పనివారు నిలిచియున్న నేలయే చెడిపోవుట నాలుగవది. మొదటి రెండును రోగములు కావు. తక్కిన రెండింటి విషయమున జాగ్రత్త వలయును.

మొదటి తెఱగు పుట్టుకతో వచ్చునది. చాల కుక్కపిల్లలు గులాబిముక్కుతోనే పుట్టును. కొన్ని వారములలోను, కొన్నిటికి కొన్ని నెలలలోను, చుక్కలు చుక్కలుగా నలుపు వ్యాపించి ముక్కంతయు నిండును. కొన్నిటికి ఎన్నటికిని నిండక మచ్చలుగా నిలిచిపోవును. గోధుమవన్నె లేక కాలేయపువన్నె రోమముగల కుక్కలకు ముక్కుకూడ ఆ వన్నెనే యుండును. వానికి నలుపు చేయు శక్తి వంశములోనే లేదు. ఇట్టివానిని జూచి నలుపు పోయినదని తలపరాదు. లేనిది పోవుట యెట్లు?

ఈ సందర్భమున తెలుగువారి కొక యింపైన యుదాహరణము గలదు. తమిళదేశమునందు విరుదునగర్ జిల్లాలో రాజపాళయ మను పట్టణము గలదు. శతాబ్దములక్రిందట ఆంధ్రదేశమునుండి వలసపోయి యచ్చట స్థిరపడిన రాజులు నేటికిని ఇండ్లలో తెలుగు మాటాడుకొందురు. వారు పెంచి పోషించిన వేటకుక్కల జాతికి ఆ యూరిపేరే వచ్చినది. పాలవంటి తెల్లని రోమము, గులాబివన్నె ముక్కు ఆ జాతికి లక్షణములు. 2005వ సంవత్సరమున భారత తపాలాశాఖవారు నాలుగు దేశీయజాతుల కుక్కల బొమ్మలతో తపాలాబిళ్లలు వెలువరించినపుడు, అందు రాజపాళయపు కుక్కయు నొకటి. చూచితిరా! మన పల్లెలో అరిష్టమని వెలివేయబడిన గులాబిముక్కే, అచ్చట మేలుజాతికి ముద్ర యయ్యెను. అయితే ప్రకృతి దేనిని వెల లేక యియ్యదు. రంగుచేయు కణములు లోపలి చెవిలోను ఉండి వినికిడికి తోడ్పడును. ఒడలెల్ల తెల్లనై పుట్టు జాతులలో ఆ కణములు చెవికిని చేరక పోవుటచేత కొన్ని పిల్లలు చెవిటివిగా పుట్టును. రాజపాళయపు జాతిలోను ఈ లోపము కనబడుచున్నది. కావున తెల్లనికుక్కను పెంచువారు పిల్లప్రాయముననే వెనుకనుండి చప్పట్లు చఱచి వినికిడిని పరీక్షించుకొనుట మంచిది.

రెండవ తెఱగున పనివారు ఉందురు, పని మాత్రము మందగించును. నేడు గోదావరిఖని కాలనీలలో ఇంటింట పెరుగుచున్న లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులలో ఇది తఱచు. పిల్లగా నున్నపుడు నల్లగా నున్న ముక్కు ఏండ్లు గడచినకొలది పలుచబడి, లేత గోధుమవన్నెకు దిగును. గడులు చెడవు, పుండు పడదు. ఆంగ్లేయులు దీనిని డడ్లీముక్కు అందురు. కొన్నిటికి చలికాలమున నడిమిభాగము వెలిసి, వేసవి రాగానే మరల నల్లబడును. దానిని మంచుముక్కు అందురు. రంగుచేయు ఎంజైమునకు చలి గిట్టదని కొందఱు పండితులు దీనికి కారణము చెప్పుదురు. కాని మంచెన్నడు నెఱుగని వేడిదేశములందును ఇది కనబడుచున్నది గనుక, ఆ వాదము పూర్తిగా నిలువలేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటు మన రామగుండమున చలి నొక్కదానినే నిందించుట తగదు. కారణ మేదైనను, ఇందువలన కుక్కకు హాని లేదు, ఔషధముతో పనియు లేదు.

ఆహారలోపముచేత వన్నె తఱుగునా యని మీ రడుగవచ్చును. పశువుల మేతలో రాగి కొఱవడినచో రోమము పాలిపోవుట పశువైద్యు లెఱిగినదే. టైరోసిన్ తక్కువైన యాహారము పెట్టగా నల్లపిల్లుల రోమము ఎఱ్ఱవాఱినట్లు పరిశోధనలలో తేలినది. కాని ముక్కొక్కటి మాత్రమే తెల్లబడి, రోమము నిగనిగలాడుచున్నచో లోప మాహారమునందు లేదనియే యెంచవలెను. గంజియు మిగిలిన యన్నమును మాత్రమే తిను కుక్కకు అప్పుడప్పుడు గ్రుడ్డో మాంసమో పెట్టుట దానికి మేలే. అది ముక్కునకు మందని మాత్రము తలపవలదు.

మూడవ తెఱగున పనివారే నశింతురు. ఇందు ముఖ్యమైనది మనుష్యులలోవలెనే కుక్కలకును వచ్చు బొల్లి. దీనినే పాశ్చాత్యవైద్యులు విటిలిగో అందురు. శరీరమును శత్రువులనుండి కాపాడవలసిన రక్షకబలమే పొరబడి తన రంగుకణములను తానే సంహరించుటవలన ఇది కలుగును. రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ టెర్వ్యూరెన్ జాతులలో దీని నెక్కువగా గుర్తించిరి. ముక్కు, పెదవులు, కనుఱెప్పల యంచులు, ఒక్కొక్కప్పుడు అఱకాళ్లమెత్తలు తెల్లబడును. మొగముపై వెండ్రుకలును నెఱియవచ్చును. నొప్పి లేదు, దురద లేదు, తిండి తగ్గదు, కావలిపనికి లోటు లేదు. ఒకరినుండి ఒకరికి అంటదు. కుక్కనుండి మనిషికిని అంటదు. కొన్నిటికి కొంతకాలమునకు నలుపు తనంతటనే తిరిగివచ్చుటయు గలదు.

రంగుకణములను చంపు ద్రవ్యములును గొన్ని లోకమున నున్నవి. 1939వ సంవత్సరమున అమెరికాలో తోళ్లు పదునుచేయు కార్ఖానాలో రబ్బరు చేతితొడుగులు వేసికొన్న కార్మికుల చేతులు తెల్లబడినవి. వైద్యులు పరిశీలింపగా, రబ్బరు చెడకుండుటకై కలిపిన హైడ్రోక్వినోన్ సంబంధమైన యొక రసాయనము దీనికి కారణమని తేలినది. అదేవిధముగా రబ్బరు, ప్లాస్టిక్ పాత్రలలో తిండి తిను కుక్కలకు ముక్కు, పెదవులు తెల్లబడుట పశువైద్యగ్రంథములలో చెప్పబడినది. ఇది అరుదు, అయినను మన పల్లెలలో పాతటైరును కోసి కుక్కకు నీళ్లతొట్టిగా పెట్టుట సామాన్యము గనుక చెప్పితిని. దానిని తీసివేసి రాతితొట్టియో మట్టిమూకుడో పెట్టుటకు ఖర్చేమియు లేదు. కారణ మదియే యైనచో కొన్ని నెలలలో నలుపు మరల దోపవచ్చును.

ఈ మూడవ తెఱగులోనే యొక క్రూరమైన వ్యాధియు గలదు. జపానుదేశపు అకీతా, మంచుదేశపు సమోయెడ్, హస్కీ జాతుల కుక్కలకు శరీరరక్షకబలము ముక్కుతోపాటు కంటిలోని రంగుకణములపైనను దాడి చేయును. కన్నులు ఎఱ్ఱబడి, మసకలుగ్రమ్మి, వెలుగును జూడలేక మూసికొనును. ఆలస్యము చేసినచో గ్రుడ్డితనము వచ్చును. ముక్కు తెల్లబడుట తరువాత రావచ్చును. మంచుదేశపు ఈ కుక్కలను వేడుకకై మన యెండలోనికి గొనివచ్చువారు పట్టణములలో హెచ్చుచున్నారు. వారీ మాటను మఱువరాదు.

ఇక నాలుగవ తెఱగు. నేల చెడినపుడు పనివాడు నిలువడు గదా! ఇందు మొదటిది గాయము. ముండ్లకంచెలో మూతి దూర్చుట, పందితో పోరుట, కాలిన బూడిదలో పడుకొనుట మొదలగువానివలన ముక్కుతోలు లేచిపోయి, మానినచోట గులాబివన్నె మచ్చ కనబడును. చలికాలమున మన కుక్కలకు వెచ్చని బూడిదకుప్పయే పఱుపు. బొగ్గుకుప్ప తనలో తానే వేడెక్కి, పైకి కనబడక రాజుకొను స్వభావము గలదని మీ రెఱుగుదురు. అట్టి కుప్పపై మూతి యానించి పడుకొన్న కుక్కకు నిప్పు తెలియక ముక్కు కాలుట వింత కాదు. ఇట్టి మచ్చలు లోతుగా కాలకున్నచో వారములలోనో నెలలలోనో నల్లబడును.

నేను పనిచేసిన గ్రామములలో నొకదానియందు ఇట్టి కుక్కయే యుండెడిది. దాని యజమానుడు వృద్ధుడు. కొడుకు లిద్దఱును బాయిలో రాత్రిపాళిలో నుండెడివారు. ముక్కుపై తెల్లమచ్చ కనబడగానే వాడవారు కూడి, "సారూ, దీని ముక్కు బొల్లివడ్డది, ఊళ్లె ఉంటే మంచిది గాదు" అని నాతో జెప్పిరి. నేను వల దన్నను వినక, మఱునాటి ఉదయమున దానిని తరిమివైచిరి. వృద్ధుడు ఆ రాత్రినుండి తలాపున కఱ్ఱ పెట్టుకొని పడుకొనుచుండెను. కుక్క ప్రక్కగ్రామపు టీతవనమునకు పోయి, అచ్చట కల్లుగీయు గౌడునొద్ద చేరెను. వానకాలము చివర నేనా దారిని పోవుచు దానిని జూచితిని. ముక్కు ఎప్పటివలె నల్లగా నుండెను. ఆ వృద్ధునితో జెప్పితిని. కాని కుక్క అప్పటికే గౌడుని పిల్లలకు చెలిమికాడై, తిరిగి రాదయ్యెను. ఒక నెల యోర్చియున్నచో ఆ యింటికి కావలి నిలిచియుండెడిది.

గాయము కాక, రక్షకబలము పొరబడి చర్మపు అడుగుపొరనే కొఱుకు వ్యాధి యొకటి గలదు. దీనిని లూపస్ అందురు. లాటిన్ భాషలో లూపస్ అనగా తోడేలు. ఇందు ముక్కువన్నె మొదట నీలిబూడిదవలె మాఱును. చెడిన పొరనుండి రంగురేణువులు లోపలికి జాఱుటయే యిందుకు కారణము. పిదప నేను మొదట జెప్పిన గడులు అరిగి, ముక్కు అద్దమువలె నున్నబడును. తరువాత పెచ్చులు, పగుళ్లు, పుండ్లు, నెత్తురు. ఎండ తగిలినకొలది ఇది హెచ్చును. కావున మన ప్రాంతపు వేసవి దీనికి పరమమిత్రము. పెంఫిగస్ అను మఱియొక వ్యాధిలో ముక్కుపైనను, చెవులపైనను చీముపొక్కులు లేచి పెచ్చులు గట్టును. ఇవి యంటువ్యాధులు కావు. కాని వైద్యము లేనిచో కుక్క మిగుల బాధపడును. సకాలమున పశువైద్యుడు చూచినచో చాలవఱకు అదుపులో నుంచవచ్చును.

కుక్కపిల్లలలో డిస్టెంపర్ అను వైరస్ వ్యాధి వేఱొకటి. జ్వరము, కండ్లు ముక్కు కాఱుట, దగ్గు, విరేచనములు, పిదప ఈడ్పులు దీని గుఱుతులు. ముక్కును అఱకాళ్లును గట్టిబడి బీటలువాఱును. ఇది యొక కుక్కనుండి మఱియొక కుక్కకు వేగముగా అంటును. టీకా వేయించినచో రాకుండ నాపవచ్చును. చివరిది, వన్నెలేని ముక్కుపై ఏండ్లతరబడి యెండ తగులుటచేత వచ్చు పుట్టకుఱుపు. మానని పుండు, నెత్తురు గాఱు గడ్డ ముక్కుపై కనబడినచో ఆలస్యము చేయరాదు. ఈ కారణముచేతనే తెల్లముక్కు కుక్కకు మిట్టమధ్యాహ్నమున నీడ యిచ్చుట మన ధర్మము.

బొగ్గుప్రాంతమువా రొక ప్రశ్న తప్పక యడుగుదురు: "ఈ ధూళివలన కాదా?" అని. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టర్ కింగ్ బొగ్గును గుర్తించిననాటినుండి ఈ గోదావరిలోయ క్రమక్రమముగా నల్లనేల యయ్యెను. సింగరేణివారి ఓపెన్‌కాస్టుల దాపున చెట్టుటాకునకు, ఆరవేసిన బట్టకు, గుమ్మమునకు ధూళి తప్పదు. కాని బొగ్గుధూళి నలుపు నిచ్చునే గాని తీయదు. అది రంగుకణములను చంపుననుటకు ఆధారము లేదు. అయితే దానివలన వేఱొక చిక్కు గలదు: తడిముక్కునకు అంటుకొని, క్రింద జరుగుచున్న మార్పును కప్పిపుచ్చును. తొలకరివానకు ధూళి కడుగబడగానే తెల్లముక్కు బయటపడును. చూచినవారు ఒక్కరాత్రిలో తెల్లబడెనని భయపడుదురు. కావున నెలకొకసారి తడిబట్టతో ముక్కును మెల్లగా తుడిచి, పగటివెలుతురున జూచుట మన ప్రాంతమువారికి ముఖ్యము.

అట్లు చూచునపుడు ఐదు ప్రశ్నలు వేసికొనుడు. ముక్కుగడులు గఱుకుగా నున్నవా, అరిగి నున్నబడినవా? పెచ్చు, పుండు, నెత్తురు గలవా? కన్నులు తేటగా నున్నవా, ఎఱ్ఱబడి మసకబాఱినవా? పెదవులు, ఱెప్పలు, అఱకాళ్లు, చెవులు ఎట్లున్నవి? కుక్క యెప్పటివలె తిని తిరుగుచున్నదా? గడులు చెడక, పుండు లేక, కన్నులు తేటగా నుండి, కుక్క హుషారుగా నున్నచో ఊరకుండుడు. ఇందులో నే యొక్కటి చెడినను పశువైద్యశాలకు గొనిపొండు. స్థానికవైద్యునకు సందేహము గలిగినచో, మన ప్రాంతమునకు దాపున కోరుట్లలో పశువైద్యకళాశాల గలదు.

చేయరాని పనులను గూడ జెప్పవలెను. వాడిన ఇంజనునూనె, కిరసనాయిలు, జిల్లేడుపాలు, సున్నము ముక్కునకు పూయరాదు. ఈ ప్రాంతమున యంత్రశాలలు హెచ్చు గనుక పాతనూనె సులభముగా దొరకును; గజ్జికుక్కకు పూయు నలవాటును గలదు. ముక్కునకు పూసినది కుక్క కడుపులోనికే పోవునని మఱువవలదు; అది నాకక మానదు. మనుష్యులకు వాడు జింకు ఆక్సైడు లేపనమును, పారాసెటమాల్ మాత్రలును దానికి విషతుల్యములు. తెల్లనిదానిని నల్లగా జేయుటకు రంగులు పూయుట మఱింత యవివేకము.

ఇప్పుడు కుష్ఠుమాట. ఈ భ్రమకు మూలము మన ప్రాచీనవైద్యములోనే కొంత గలదు. తెల్లమచ్చను శ్విత్రమనియు కిలాసమనియు పూర్వులు పిలిచిరి. అథర్వవేదములోనే దీనిపై సూక్తములు గలవు. సుశ్రుతాచార్యుడు దీనిని కుష్ఠప్రకరణములోనే చేర్చెను. కాని మన మచ్చటనే నిలిచిపోయితిమి, తరువాతి మాట చదువలేదు. కిలాసము చర్మమునకు మాత్రమే పరిమితమైనదనియు, స్రావము లేనిదనియు, ఇదియే దీనికిని కుష్ఠునకును భేదమనియు ఆయనయే స్పష్టముగా చెప్పినాడు. కుష్ఠునకు కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. బొల్లిలో అట్టి జీవి యేదియు లేదు. ఆ కుష్ఠును సయితము నేడు మందులతో పూర్తిగా నయము చేయుచున్నారు. నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో నెలకొల్పిన చికిత్సాలయమును మీలో పెద్దవా రెఱుగుదురు. కావున కుక్కముక్కు తెల్లబడుటకును కుష్ఠునకును ఎట్టి సంబంధమును లేదు.

పిచ్చికుక్కమాటయు అట్టిదే. ముక్కువన్నెకును రేబిస్‌కును సంబంధము లేదు. నడవడి మాఱుట, కారణము లేక కఱచుట, చొంగ కాఱుట, దవడ వ్రేలాడుట, మ్రింగలేకపోవుట, కాళ్లు పడిపోవుట దాని గుఱుతులు. నల్లముక్కు కుక్కయని నమ్మి కాటును ఉపేక్షించుటయు, తెల్లముక్కు కుక్కయని చంపుటయు రెండును అజ్ఞానములే. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. 1885లో పాస్టరు మహాశయుడు చూపిన మార్గమే నేటికిని మనకు శరణ్యము; రోగలక్షణములు బయటపడినపిదప రక్షణము దాదాపు లేదు.

పెద్దలారా, మీ మాటకు ఊరిలో విలువ గలదు. కుక్కను వెడలగొట్టుడన్నను, ఉంచుడన్నను మీ నోటినుండి వచ్చినదే తీర్పు. 1960వ సంవత్సరపు జంతుహింసానివారణచట్టము నోరులేని జంతువును హింసించుట నేరమని చెప్పుచున్నది. చట్టముకంటె ముందే మన భారతము చెప్పినది. నన్నయభట్టారకుడు తెనిగించిన యాదిపర్వపు ప్రారంభముననే సరమ కథ గలదు. జనమేజయుని సోదరులు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టిరి. తల్లియైన సరమ జనమేజయునొద్దకు వచ్చి న్యాయ మడిగెను. సమాధానము చెప్పువాడు లేకపోయెను. అంత పెద్ద గ్రంథము ఒక కుక్కకు జరిగిన యన్యాయముతో మొదలగుట ఊరక కాదు. విచారింపక దండించుట రాజులకైనను తగదని దాని భావము.

ఈ విచారము కుక్కతో ఆగరాదని నా మనవి. మీ వాడలో పెదవిపై తెల్లమచ్చ గల యాడపిల్ల యుండవచ్చును. ఆమెకు సంబంధము చూచునపుడు నలుగురు గొంతు తగ్గించి మాటాడుకొందురు. ఆ మచ్చయు అంటునది కాదు. ఆమె చేతివంట తిన్నవారికిని, ఆమె బిడ్డ నెత్తుకొన్నవారికిని ఏమియు కాదు. ఆమె బుద్ధికి గాని, బలమునకు గాని, పనికి గాని దానివలన లోటు లేదు. కోరినచో చర్మవైద్యుడు చికిత్స చేయును. కోరకున్నను ఆమె సంపూర్ణారోగ్యవతియే. ఆ పిల్ల తండ్రి మీ యరుగుమీదికి వచ్చి కూర్చున్ననాడు, మీ రీ మాటను నలుగురెదుట గొంతు తగ్గింపక చెప్పవలెనని కోరుచున్నాను.